రక్తం పెరగడానికి వేసే సూది బీపీని ఎందుకు పెంచుతుంది?

ప్రశ్న: మావారికి రెండేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది. రక్తం పెరగడానికి సూది వేస్తున్నారు. హిమోగ్లోబిన్ 8 నుంచి 11.8కి వచ్చింది, కానీ బీపీ పెరిగి తలనొప్పి అంటున్నారు. డాక్టరు గారు సూది మోతాదు తగ్గించారు. ఈ మందు మెదడుకు, గుండెకు కూడా మంచిదని మా అబ్బాయి చదివాడట. మరి తగ్గించడం ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ అబ్బాయి చదివినది అబద్ధం కాదమ్మా, కానీ అది ప్రయోగశాల వరకే నిలిచిన నిజం. మీవారికి వేసేది ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోను. ఒంట్లో ఆక్సిజన్ తగ్గిందని పసిగట్టినప్పుడు ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలే దీన్ని తయారుచేస్తాయి. ఎముక మజ్జలో ఎదుగుతున్న ఎర్రకణాలు మధ్యలోనే చనిపోకుండా కాపాడడం దీని ముఖ్యమైన పని. కిడ్నీలు పాడైతే ఈ హార్మోను తగినంత తయారు కాదు కనుక దాన్ని సూది ద్వారా ఇవ్వవలసి వస్తుంది.

కణాన్ని చావకుండా ఆపే ఈ గుణమే శాస్త్రవేత్తలకు ఆశ కలిగించింది. మెదడు కూడా ఈ హార్మోనును కొద్దిగా తయారుచేసుకుంటుంది. పక్షవాతం కలిగించిన ఎలుకలకు దీన్ని ఇస్తే మెదడు కణాలు ఎక్కువగా బతికాయి. అయితే జర్మనీలో 522 మంది పక్షవాతం రోగులపై జరిపిన పరీక్షలో మేలు కనిపించలేదు సరికదా, ఈ మందు తీసుకున్నవారిలో సుమారు 16 శాతం మంది, తీసుకోనివారిలో 9 శాతం మంది మరణించినట్టు 2009లో వెల్లడైంది. పుట్టుకలో ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న సుమారు 500 మంది శిశువులపై అమెరికాలో జరిగిన పరీక్ష కూడా 2022లో నిరాశే మిగిల్చింది. గుండెపోటు విషయంలోనూ ఇంతే. అందువల్ల మెదడు కోసమో, గుండె కోసమో ఈ సూదిని ఎక్కువ వేయించుకోవడానికి ఈనాటికి ఆధారం లేదు.

మీవారి విషయంలో చూడవలసినది రక్తనాళాలను. రక్తహీనత ఉన్నప్పుడు కణజాలానికి ఆక్సిజన్ చాలక నాళాలు వ్యాకోచించి ఉంటాయి; రక్తం పెరిగేకొద్దీ ఆ వ్యాకోచం తగ్గుతుంది, రక్తం చిక్కబడుతుంది, రెండూ కలిసి బీపీని పెంచుతాయి. అంతేకాదు, ఈ హార్మోను నాళాలను ముడుచుకునేలా చేసే పదార్థాలను హెచ్చించి, నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ ప్రభావాన్ని తగ్గిస్తుందని జంతువులపై చేసిన పరిశోధనలు చూపాయి. ఎర్రకణాలు పెరగకుండా ఆపిన ఎలుకల్లో సైతం బీపీ పెరిగింది. డయాలసిస్ రోగుల్లో దాదాపు పావు వంతు మందికి, ముఖ్యంగా తొలి నెలల్లో, బీపీ మాత్రలు కొత్తగా మొదలుపెట్టడమో పెంచడమో అవసరమవుతుంది.

రక్తం గడ్డకట్టే ముప్పు కూడా ఉంది. గుండె జబ్బు ఉన్న 1,233 మంది డయాలసిస్ రోగుల్లో హిమోగ్లోబిన్‌ను ఆరోగ్యవంతుల స్థాయికి తేవాలని చూసిన పరీక్ష ఫలితాలు 1998లో వచ్చాయి. ఆ స్థాయికి పెంచినవారిలో ఫిస్ట్యులాలు (డయాలసిస్ కోసం ధమనిని, సిరను కలిపిన చోటు), గ్రాఫ్టులు (అందుకే అమర్చే కృత్రిమ గొట్టం) మూసుకుపోవడం 39 శాతం, తక్కువ స్థాయిలో ఉంచినవారిలో 29 శాతం. డయాలసిస్ ఇంకా మొదలుకాని మధుమేహ కిడ్నీ రోగులపై 2009లో వచ్చిన మరో పరీక్షలో ఈ రకం మందు తీసుకున్నవారిలో పక్షవాతం దాదాపు రెట్టింపయింది. అందుకే సాధారణంగా హిమోగ్లోబిన్‌ను 11.5 దాటించి ఉంచవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ డాక్టరు గారు చేసినది సరైన పనే. ఎవరికైనా క్యాన్సర్ ఉన్నా, గతంలో వచ్చి తగ్గినా, ఈ సూది వేసేముందు ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి, ఎందుకంటే కొన్ని క్యాన్సర్లలో ఇది హాని చేసినట్టు తేలింది.

అలాగని సూదిని మీ అంతట మీరు మానిపించవద్దు; హిమోగ్లోబిన్ మళ్లీ 8కి దిగితే ఆయాసం, నీరసం తిరిగొస్తాయి, రక్తం ఎక్కించవలసి రావచ్చు. బీపీని ఇంట్లోనే రోజూ ఒకే వేళకు చూసి పుస్తకంలో రాసి, డయాలసిస్‌కు వెళ్లినప్పుడు చూపించండి. తలనొప్పితో పాటు చూపు మసకబారినా, మాట తడబడినా, మూర్ఛ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫిస్ట్యులా ఉంటే ప్రతి ఉదయం దానిమీద వేళ్లు ఆనించి చూడండి. చర్మం కింద జుమ్మనే అదురు తగలాలి. అది తగ్గినా, ఆగినా తర్వాతి డయాలసిస్ దాకా ఎదురుచూడకుండా ఆ పూటే ఫోన్ చేయండి.