కాసా వాలంటీర్‌గా చేయాలంటే లా చదివి ఉండాలా?

కాసా (CASA) వాలంటీర్ అంటే, అమెరికాలో తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసేసి వేరే ఇళ్లలో (ఫోస్టర్ కేర్) పెట్టిన పిల్లల తరఫున జడ్జికి చెప్పడానికి కోర్టు నియమించే మనిషి. లాయర్ కాని మనిషి కోర్టులో పిల్లల తరఫున ఏం మాట్లాడతాడు, ఉద్యోగం చేసుకుంటూ ఇది కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. నేను టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకుంటూనే రెండు కేసులు చూశాను, లా పుస్తకం ముట్టుకున్న పాపాన పోలేదు. అసలు ఇది మొదలైందే అలా. 1977లో సియాటిల్‌లో డేవిడ్ సూకప్ అనే జడ్జి, పిల్లల గురించి పూర్తిగా తెలియకుండానే వాళ్ల బతుకులు తేల్చాల్సి వస్తోందని, మామూలు జనాన్నే వాలంటీర్లుగా పెట్టుకున్నాడు. పిల్లలకి లాయర్ వేరే ఉంటారు, కేస్‌వర్కర్ (పిల్లల సంక్షేమ శాఖ తరఫున కేసు చూసే ఉద్యోగి) వేరే. మన పని వెళ్లి చూడటం, చూసింది రాయడం.

21 ఏళ్లు నిండాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, 30 గంటల ట్రైనింగ్, ఆ తర్వాత జడ్జి ముందు ప్రమాణం. నెలకోసారైనా పిల్లల్ని కలవాలి. ఫోన్లతో కలిపి నాకు నెలకి పది గంటల దాకా పట్టేది. హియరింగులు పగలే కాబట్టి ఆ రోజు ఆఫీసుకి సెలవే.

చూడటం అంటే ఏంటో చెప్తాను (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). ఎనిమిదేళ్ల బాబు, అప్పటికి మూడు ఇళ్లు మారాడు. చదువు మీద శ్రద్ధ లేదని స్కూల్ నుంచి రిపోర్టు. ఒకరోజు ఊనో అనే కార్డులాట ఆడుతుంటే ప్రతి ముక్కనీ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు. అడిగితే, కళ్లద్దాలు రెండో ఇంట్లో ఉండిపోయాయన్నాడు, అదేదో తన తప్పయినట్టు. రిపోర్టులో రెండు లైన్లు రాశాను. జడ్జి సరిగ్గా ఆ రెండు లైన్ల దగ్గరే ఆగి కేస్‌వర్కర్‌ని అడిగారు, మూడు వారాల్లో అద్దాలొచ్చాయి.

ఇక నేను చేసిన వెధవ పని. మొదటి రిపోర్టులో "తల్లికి బాధ్యత లేదు" అని రాసేశాను. మా సూపర్‌వైజర్ దాని మీద గీత కొట్టి, "ఇది నువ్వు చూశావా, అనుకున్నావా?" అంది. చూసిందల్లా ఆవిడ మూడుసార్లు ఆలస్యంగా రావడం. నైట్ షిఫ్ట్ దిగి రెండు బస్సులు మారి వస్తోందని తర్వాత తెలిసింది. నేను కనుక్కుంటే మొదటి వారమే తెలిసేది, సిగ్గేసింది. టెక్సాస్‌లో ఇలాంటి కేసు మామూలుగా ఏడాదిలో తేలాలి, తప్పనిసరైతే జడ్జి ఇంకో 180 రోజుల దాకా పొడిగిస్తారు. ఆ బాబు కేసు పదకొండో నెలలో తేలింది. అమ్మ దగ్గరికే పంపమని రాసింది నేనే.

మీరు చేరేముందు ఒక్కటి చూసుకోండి, ఏడాదీ ఏడాదిన్నర ఉండగలరా అని. ఆ పిల్లలకి మధ్యలో వదిలేసి వెళ్లేవాళ్లు అప్పటికే బోలెడుమంది అయిపోయి ఉంటారు. ఎండాకాలంలో ఆరు వారాలు ఇండియా వెళ్లే ఆలోచన ఉంటే, టికెట్లు కొన్నాక కాదు, కేసు తీసుకునే ముందే సూపర్‌వైజర్‌కి చెప్పండి.