సీటు మళ్లీ దక్కదని తెలిసిన సర్పంచ్ పని చేస్తాడా?

ఒడిశాలోని పర్లాకిమిడి వైపు తెలుగు పల్లెల్లో తరచూ వినే ప్రశ్న ఇది. కొందరు చేస్తారు, కానీ ఓటు భయం ప్రభావం చాలా ఎక్కువ.

బ్రెజిల్‌లో లాటరీ తీసి మున్సిపాలిటీల లెక్కలు ఆడిట్ చేసేవారు. ఆ నివేదికలను ఫెరాజ్, ఫినాన్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2011లో ఫలితం ప్రచురించారు. మళ్లీ పోటీ చేయగల మేయర్లు, మళ్లీ పోటీకి వీల్లేని ఆఖరి విడతలో ఉన్నవారికంటే 27 శాతం తక్కువ నిధులు పక్కదారి పట్టించారట.

మనకు విడతల పరిమితి లేదు. కానీ సర్పంచ్ రిజర్వేషన్ వంతులవారీగా మారుతుంది కాబట్టి ఇప్పటి సర్పంచ్ వచ్చేసారి అదే సీటుకు పోటీ చేయలేకపోవచ్చు, కొంతవరకు అదే పరిస్థితి. అలాగని రిజర్వేషన్‌ను తప్పుపట్టను. ఒడిశా పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లకు దక్కింది దానివల్లే.

ఎన్నికలు ఐదేళ్లకోసారి. ఈలోగా పల్లిసభలో, అంటే ఊరి ఓటర్లందరి సభలో, ఖర్చుల లెక్క అడగండి. ఒడియా రాకపోతే తెలుగులోనే అడగండి.