ఫోన్ కంటే ముందు సిలబస్ తెరువు

చిరంజీవి స్రవంతికి,

టెలిగ్రామ్‌లో వచ్చిపడే పీడీఎఫ్‌లు చదవలేక, వదల్లేక టెన్షన్‌గా ఉందని అన్నావు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో నీతోపాటు పోటీ పరీక్షలకు చదివే చాలామందిది ఇదే బాధ. ఇన్నేళ్లు ఎకానమీ పాఠాలు చెప్పినవాడిగా నాకు తోచింది రాస్తున్నానమ్మా.

తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-2 పరీక్షలో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. కరెంట్ అఫైర్స్ మొదటి పేపర్లో ఒక భాగం మాత్రమే. కానీ నీ రోజులో దానికెంత పోతోందో చూడు. పొద్దున ఒక ఛానల్లో వార్తల విశ్లేషణ, మధ్యాహ్నం ఇంకో ఛానల్లో అవే వార్తలు, రాత్రికి మళ్లీ అవే క్విజ్‌గా. నాలుగో పేపరు మొత్తం తెలంగాణ ఉద్యమమే. ముల్కీ నిబంధనలు, 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం రోజుకో రకంగా మారేవి కావు. పుస్తకం పట్టుకుని కూర్చుంటే వచ్చేస్తాయి. వాటిని ఏ నోటిఫికేషనూ గుర్తుచేయదు.

యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపేసి, పాతది చెరిపెయ్యి. హోమ్ పేజీ ఖాళీగా ఉంటుంది. నీకు కావలసింది నువ్వే వెతుక్కుంటావు. ఆటోప్లే కూడా ఆపు. టెలిగ్రామ్ గ్రూపులు ఒకటో రెండో ఉంచుకుని మిగతావాటి నుంచి బయటికి వచ్చెయ్. మ్యూట్ చేస్తే చాలదు, చదవని మెసేజ్‌ల అంకె కనిపిస్తూ లాగుతూనే ఉంటుంది.

తర్వాత చూద్దామని దాచుకున్నవాటిని ఆదివారం తీసి, ఒక్కోదాని పక్కన అది సిలబస్‌లో ఏ అంశం కిందికి వస్తుందో రాయి. రాయలేకపోతే జాలిపడకుండా తీసెయ్.

అంకెలకు ఒక్క వాక్యంలో తిరిగే వన్‌లైనర్ బిట్లను నమ్మకు. రాష్ట్ర ప్రభుత్వం ఏటా తెచ్చే ఆర్థిక, సామాజిక లెక్కల నివేదిక సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్ తెరిచి చూసుకో. కేంద్రం పథకాలకు కేంద్ర ప్రభుత్వ ప్రకటనలు ఇచ్చే పీఐబీ ఉంది.

అన్నిటికంటే ముందు మానాల్సినవి ర్యాంకర్ల ఇంటర్వ్యూలు. వింటున్నంతసేపు చదువుతున్నట్టే ఉంటుంది, లేచేసరికి పేజీ కూడా తిరిగి ఉండదు. రాత్రి అన్నం తింటూ కాసేపు కామెడీ చూస్తే నాకేం అభ్యంతరం లేదు. అది కాలక్షేపమని నీకు తెలుసు. చదువు వేషం వేసుకుని వచ్చేదే నీ టైమంతా మింగేది.

చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చునేటప్పుడు డేటా ఆపెయ్యి. ఆదివారం లిస్టు నాకు వాట్సాప్ చెయ్, ఏవి ఉంచాలో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెదనాన్న