స్పానిష్ చదివితే డాక్టర్ అవుతుందా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే ఒక యూనివర్సిటీలో మొదటి ఏడాది చదువుతోంది. డాక్టర్ అవుతానని చిన్నప్పటి నుంచీ అంటోంది కాబట్టి డిగ్రీలో ముఖ్య సబ్జెక్టుగా, అంటే మేజర్‌గా, బయాలజీ తీసుకుంటుందనుకున్నాం. మొదటి సెమిస్టర్ అవగానే ఫోన్ చేసి, స్పానిష్ మేజర్ తీసుకుంటానంది. స్పానిష్‌లో ‘ఏ’ గ్రేడు వచ్చింది, బయాలజీలో ఏ మైనస్, కెమిస్ట్రీలో బి మైనస్. మెడిసిన్ మానేస్తావా అంటే మాననంటుంది. స్పానిష్ చదివి డాక్టర్ ఎలా అవుతుంది? తెలిసినవాళ్ళు అడిగితే చెప్పడానికే ఇబ్బందిగా ఉంది. మావారైతే దానితో మాట్లాడటమే మానేశారు. ఏం చెయ్యమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ టెన్షన్ సగం తగ్గే మాట చెప్తాను. అమెరికాలో మెడికల్ కాలేజీలు మేజర్ ఏమిటని పట్టించుకోవు. కోర్సులు పట్టించుకుంటాయి. ఎక్కువ కాలేజీలు అడిగేవి ఇవే: ల్యాబ్‌తో పాటు ఏడాది బయాలజీ, ఏడాది జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఆపైన బయోకెమిస్ట్రీ, కొంచెం స్టాటిస్టిక్స్, ఇంగ్లిష్. కాలేజీని బట్టి కొంచెం అటూఇటూ మారతాయి. ఇవి పూర్తి చేసి, ఎంక్యాట్ (మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష) రాస్తే, డిగ్రీ మీద స్పానిష్ అని ఉన్నా అప్లై చేయవచ్చు. మేజర్ల వారీగా ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందికి సీటు వచ్చింది అన్న పట్టికను అమెరికన్ మెడికల్ కాలేజీల సంఘం ఏటా బయటపెడుతుంది. భాషలు, సాహిత్యం, చరిత్ర చదివినవాళ్ళకు సీటు దొరికే శాతం బయాలజీ వాళ్ళ కంటే తక్కువేమీ ఉండదు. అలాగని స్పానిష్ తీసుకుంటే సీటు వచ్చేస్తుందని కాదు. ఆ దారిలో వెళ్ళేవాళ్ళు కొద్దిమంది, ఎందుకు వెళ్తున్నారో తెలిసి వెళ్తారు. అంతే.

నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఆపింది స్పానిష్ కాదు, ఆ కెమిస్ట్రీ బి మైనస్. మీరు దాన్ని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. మెడికల్ కాలేజీలకు వెళ్ళే అప్లికేషన్‌లో మొత్తం జీపీఏతో (గ్రేడ్ల సగటుతో) పాటు బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్‌లకు విడిగా ఇంకో జీపీఏ కడతారు. అదే కోర్సు మళ్ళీ చదివినా పాత గ్రేడు పోదు, రెండూ లెక్కలోకి వస్తాయి. బయాలజీ మేజర్‌లో సైన్స్ కోర్సులు చాలా ఉంటాయి కాబట్టి ఒక బి మైనస్ వాటిలో కలిసిపోతుంది. స్పానిష్ మేజర్‌లో సైన్స్ కోర్సులు పదో పన్నెండో ఉంటాయి. వాటిలో ఒక్కటి తేడా వచ్చినా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి స్పానిష్ అంటే తేలిక దారి అని మీ అమ్మాయి అనుకుంటుంటే, ఆ ఒక్క విషయంలో పొరపాటు పడుతోంది.

ఆ బి మైనస్ ఎందుకొచ్చిందో అడగండి. కోప్పడకుండా అడగండి. పరీక్షలో టైం చాలలేదా, ల్యాబ్ రిపోర్టులు ఆలస్యంగా ఇచ్చిందా, లెక్కల దగ్గర తడబడిందా? మొదటి సెమిస్టర్‌లో ఇల్లు వదిలి వెళ్ళిన పిల్లలకు ఒక సబ్జెక్టు జారడం కొత్త కాదు. కానీ కెమిస్ట్రీ అంటేనే విసుగు పుట్టి స్పానిష్ వైపు పరిగెత్తుతోందంటే ఆ సంగతి వేరు. ఆర్గానిక్ కెమిస్ట్రీ ముందు ఉంది. మేజర్ మార్చినంత మాత్రాన అది తప్పిపోదు.

ఇక స్పానిష్ మేజర్ అంటే ఏమిటో ఒకసారి దగ్గర నుంచి చూద్దాం. చాలామంది తల్లిదండ్రులు దాన్ని మాట్లాడటం నేర్చుకునే కోర్సనుకుంటారు. మాట్లాడటం మొదటి రెండేళ్ళలోనే అయిపోతుంది. మూడో ఏట నుంచి స్పానిష్‌లోనే పాఠాలు, స్పానిష్‌లోనే పదేసి పేజీల వ్యాసాలు, 400 ఏళ్ళ కిందటి నాటకాలు, లాటిన్ అమెరికా చరిత్ర, ధ్వనిశాస్త్రం. వ్యాకరణం కూడా తమాషాగా ఉంటుంది. ‘అతను వస్తున్నాడని నాకు తెలుసు’ అంటే వాళ్ళు ‘సే కే వియెనె’ అంటారు. ‘అతను వస్తాడని ఆశిస్తున్నాను’ అంటే ‘ఎస్పెరో కే వెంగా’. మనిషీ అదే, రావడమూ అదే. తెలిసిన సంగతికి క్రియ ఒక రూపంలో ఉంటే, ఆశపడే సంగతికి ఇంకో రూపంలోకి మారిపోతుంది. ఇలాంటిది చదివి ‘అబ్బ, భలే ఉందే’ అనిపించేవాళ్ళకు ఆ మేజర్. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాషతో పెరిగిన పిల్లలకు ఈ ఆసక్తి తరచుగా ఉంటుంది. మీ అమ్మాయికి ఆ ‘ఏ’ గ్రేడు ఊరికే రాలేదేమో చూడండి.

బయాలజీ మేజర్ కూడా మనం అనుకునేది కాదు. బొమ్మల పుస్తకంలో గుండె, ఊపిరితిత్తుల పాఠం అనుకుని చేరతారు. జెనెటిక్స్ ల్యాబ్‌కి వెళ్తే గాజు సీసాల్లో పండ్ల ఈగలు ఉంటాయి. వాటికి మత్తిచ్చి, మైక్రోస్కోప్ కింద చిన్న బ్రష్షుతో ఒక్కోదాన్నీ పక్కకు నెడుతూ, ఎర్ర కళ్ళవి ఎన్ని, తెల్ల కళ్ళవి ఎన్ని అని లెక్కపెట్టాలి. వందల ఈగలు. లెక్క మధ్యలో కొన్నిటికి మత్తు దిగి ఎగిరిపోతే మళ్ళీ మొదటికి. 1910లో కొలంబియా యూనివర్సిటీలో థామస్ హంట్ మోర్గన్ ఇలాగే ఒక తెల్ల కళ్ళ ఈగ వెంటపడి, జన్యువులు క్రోమోజోముల మీద ఉంటాయని చూపించే దాకా వెళ్ళాడు. ఆ సీసాల ముందు మూడు గంటలు కూర్చున్నా విసుగు రాని పిల్లలుంటారు. వాళ్ళకు బయాలజీ. డాక్టర్ కావాలన్న కోరికా, ఈగలు లెక్కపెట్టే ఓపికా ఒకటి కావు.

నేను విద్యార్థులకు ఒక పని చెప్తుంటాను. రెండు డిపార్ట్‌మెంట్ల కోర్సు జాబితా తెరిచి, మూడో ఏడాది, నాలుగో ఏడాది కోర్సుల పేర్లు, వాటి కింద రాసిన నాలుగు లైన్లు చదవమంటాను. మొదటి ఏడాదివి వద్దు, అవి అందరికీ ఒకేలా ఉంటాయి. ఏ జాబితా చదువుతుంటే ‘ఇదీ తీసుకోవాలి, అదీ తీసుకోవాలి’ అనిపిస్తుందో తేలిపోతుంది. అరగంట పని. కొందరు రెండు జాబితాలూ పక్కన పెట్టి, ‘నాకు ఈ రెండూ కాదండీ, సైకాలజీ’ అంటారు. అదీ మంచిదే.

సరే, డాక్టర్ కాలేదనుకోండి. ఇది మాట్లాడుకోవాలి. ప్రీమెడ్ (మెడిసిన్‌కి సిద్ధమయ్యే చదువు) అని మొదలుపెట్టి మధ్యలో మానేసేవాళ్ళు చాలామందే ఉంటారు. అప్పుడు స్పానిష్ డిగ్రీ చేతిలో ఉంటే ఏమిటి గతి అనేది మీ అసలు భయం అనుకుంటున్నాను. కానీ ఒక్క బయాలజీ బ్యాచిలర్ డిగ్రీ చేతిలో ఉన్నా గతి ఏమంత గొప్పగా ఉండదు. దానితో నేరుగా వచ్చేది చాలావరకు ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం. అనువాదకుల జీతమూ, బయాలజీ టెక్నీషియన్ జీతమూ ప్రభుత్వ లెక్కల్లో దాదాపు ఒకే మెట్టు మీద, ఏడాదికి 50 నుంచి 60 వేల డాలర్ల మధ్య ఉంటాయి. బయాలజీలో ఎదగాలంటే పీహెచ్‌డీ చెయ్యాలి, అది ఐదారేళ్ళు. లేదంటే జెనెటిక్ కౌన్సెలింగ్ (వంశపారంపర్య జబ్బుల గురించి కుటుంబాలకు వివరించి చెప్పే పని), పబ్లిక్ హెల్త్, ఫిజీషియన్ అసిస్టెంట్ లాంటి మాస్టర్స్. స్పానిష్ వాళ్ళకు స్కూలు టీచరు ఉద్యోగం ఉంది, కోర్టుల్లో, ఆస్పత్రుల్లో దుబాసీ (ఇంటర్‌ప్రెటర్) పని ఉంది. ఫెడరల్ కోర్టుల దుబాసీ సర్టిఫికేషన్ పరీక్ష ఇప్పుడు స్పానిష్‌కి మాత్రమే పెడుతున్నారు. రెండు వైపులా నడిచేవాళ్ళు తక్కువ కాబట్టి, రెండూ తెలిసిన మనిషికి గిరాకీ ఉంటుంది. ముఖ్యంగా జెనెటిక్ కౌన్సెలింగ్. అది పేరుకు సైన్సే గానీ, పనంతా మాటలే.

ఆస్పత్రిలో భాష ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక పాత సంగతి ఉంది. 1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ళ కుర్రాడిని స్పృహ లేకుండా ఎమర్జెన్సీకి తీసుకొచ్చారు. ఇంట్లోవాళ్ళు ‘ఇంటోక్సికాడో’ అన్నారు. తిన్నదేదో పడలేదని వాళ్ళ ఉద్దేశం. వినడానికి ఆ మాట ఇంగ్లిష్ ‘ఇన్‌టాక్సికేటెడ్’ లాగే ఉంది. డ్రగ్స్ ఎక్కువ తీసుకున్నాడనుకుని డాక్టర్లు ఆ వైద్యం మొదలుపెట్టారు. నిజానికి అతని మెదడులో రక్తస్రావం అవుతోంది. అది తెలిసేసరికి ఆలస్యమైపోయింది, కాళ్ళూ చేతులూ పడిపోయాయి. ఆస్పత్రి వైపు నుంచి అతని జీవితకాలానికి కట్టాల్సిన పరిహారం సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లని లెక్క తేలింది. దుబాసీని పిలవాలని ఆ రాత్రి ఎవరికీ తోచలేదు. ఎందుకంటే, ఆ మాట తమకు అర్థమైందనే అందరూ అనుకున్నారు.

అమెరికాలో ఇళ్ళల్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళు 4 కోట్ల పైనే. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆస్పత్రి ఇంగ్లిష్ రాని రోగికి దుబాసీని ఇవ్వాలని చట్టం ఉంది. అత్యవసరమైతే తప్ప రోగి పిల్లల చేత చెప్పించకూడదని కూడా నిబంధన ఉంది. ‘ఫోన్‌లో యాప్ ఉండగా ఇవన్నీ ఎందుకు’ అని మీవారు అడగవచ్చు. అడిగితే ఇది చెప్పండి: 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ముఖ్యమైన వైద్య పత్రాలను మెషీన్ అనువదిస్తే, అర్హత ఉన్న మనిషి దాన్ని సరిచూడాలి.

ఇప్పుడు మీరు రాయని ఒక సంగతి. మీ అమ్మాయి వీసా ఏమిటి? అమెరికా పౌరురాలు, లేదా గ్రీన్‌కార్డు ఉంటే ఈ పేరా వదిలేయండి. తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడే హెచ్-4 మీద ఉంటే మాత్రం, 21 ఏళ్ళు నిండేసరికి ఆ వీసా పోతుంది, విద్యార్థి వీసా ఎఫ్-1కో ఇంకోదానికో మారాలి. ఎఫ్-1 మీద డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి 12 నెలల ఓపీటీ, అంటే పని చేసే అనుమతి, దొరుకుతుంది. బయాలజీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంది కాబట్టి ఇంకో 24 నెలలు పొడిగించుకునే వీలుంది. స్పానిష్‌కి అది లేదు. డబుల్ మేజర్ చేసి అందులో ఒకటి బయాలజీ అయితే, ఉద్యోగం దానికి సంబంధించినదైతే, పొడిగింపు అడగవచ్చు. మైనర్‌గా తీసుకుంటే చెల్లదు. ఇంకోటి, గ్రీన్‌కార్డు లేనివాళ్ళను చాలా మెడికల్ కాలేజీలు అసలు తీసుకోవు, ఫెడరల్ లోన్లూ రావు. అలాంటి పరిస్థితే మీదైతే, ‘స్పానిషా బయాలజీయా’ అనే గొడవ పక్కన పెట్టి, మెడిసిన్ ప్లాన్ గురించే ముందు కూర్చోండి. అప్పుడు నేను చెప్పేది డబుల్ మేజర్, లేకపోతే బయాలజీ.

ఆ ఇబ్బంది లేకపోతే నా మాట ఇది. స్పానిష్ మేజర్ తీసుకోనివ్వండి. సాధారణంగా డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి, స్పానిష్ మేజర్‌కి 30 నుంచి 36 సరిపోతాయి. ప్రీమెడ్ కోర్సులకు చోటు మిగులుతుంది. చాలాచోట్ల మేజర్ ఖాయం చెయ్యడానికి రెండో ఏడాది చివరి దాకా టైం ఉంటుంది, ఇప్పుడే తేల్చేయమని ఎవరూ అడగరు. ఈ సెమిస్టర్‌లో జనరల్ కెమిస్ట్రీ రెండో భాగం, బయాలజీ రెండో భాగం మాత్రం వదలకూడదు. అవి ఉన్నంతకాలం రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. కెమిస్ట్రీకి ట్యూటరింగ్ సెంటర్ ఫ్రీగా ఉంటుంది, వారానికి రెండుసార్లు వెళ్ళమనండి. ఎంక్యాట్‌లో నాలుగు భాగాల్లో ఒకటి, కార్స్ అనేది, 90 నిమిషాల్లో వ్యాసాలు చదివి 53 ప్రశ్నలకు జవాబులు రాసేది. అక్కడ సైన్స్ కంఠస్థం అక్కరకు రాదు, స్పానిష్ వ్యాసాలతో కుస్తీపట్టిన అలవాటు కొంత ఆదుకోవచ్చు. మిగతా మూడు భాగాలు మాత్రం ఆ అలవాటుతో గట్టెక్కవు.

మీవారి సంగతి. స్పానిష్ గురించి వాదించవద్దు, గెలవలేరు. అమ్మాయి చేత నాలుగేళ్ళ ప్లాన్ సెమిస్టర్ల వారీగా ఒక కాగితం మీద రాయించి, కాలేజీలో ప్రీహెల్త్ అడ్వైజర్‌కి ఒకసారి చూపించి, ఆయన ముందు పెట్టమనండి. ఆర్గానిక్ కెమిస్ట్రీ ఏ సెమిస్టర్‌లో ఉందో, ఎంక్యాట్ ఏ వేసవిలో ఉందో ఆయన్నే వెతకమనండి. వెతకడం మొదలుపెడితే మాటలు వాటంతటవే వస్తాయి. ఇక తెలిసినవాళ్ళు అడిగితే, ‘ప్రీమెడ్ అండీ, మేజర్ స్పానిష్’ అనండి. ఆ వరసలోనే చెప్పండి.