పైథాన్ ప్రాంప్ట్ నుంచి సీ ఫంక్షన్‌ని పిలిస్తే చెత్త విలువ ఎందుకొస్తోంది?

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. సీటైప్స్‌తో (సీ లైబ్రరీల్లోని ఫంక్షన్లని పైథాన్ నుంచి పిలిచే మాడ్యూల్) గణిత లైబ్రరీని లోడ్ చేసి వర్గమూలం ఫంక్షన్‌కి 2 ఇస్తే పొంతన లేని పూర్ణాంకం వస్తోంది. మీరు రాసుకున్న ఇంకో ఫంక్షన్ పాయింటర్ (మెమరీ అడ్రసు) తిరిగిస్తే, దాన్ని వాడగానే ఇంటర్‌ప్రెటరే కూలిపోతోంది. రెండింటికీ జబ్బు ఒకటే: టైపులు చెప్పలేదు.

సీటైప్స్ మీ లైబ్రరీ నుంచి తీసుకునేది ఫంక్షన్ పేరు, దాని అడ్రసు, అంతే. ఎన్ని ఆర్గ్యుమెంట్లు, ఏ టైపువి అన్న వివరం హెడర్ ఫైల్లో ఉంటుంది, దాన్ని సీటైప్స్ చదవదు. మీరేమీ చెప్పకపోతే తిరిగొచ్చేది ఇంట్ (పూర్ణాంకం) అనుకుంటుంది. 64 బిట్ ఇంటెల్, ఏఎమ్‌డీ మెషీన్లలో డబుల్ (దశాంశ సంఖ్య) జవాబు ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటు) వస్తుంది, ఇంట్ జవాబు వేరే రిజిస్టర్లో. ఆ రెండోదాంట్లో అప్పటికి ఏం మిగిలి ఉందో అదే మీకు కనబడింది. మీరిచ్చిన 2 కూడా పూర్ణాంకంగా తప్పు రిజిస్టర్లోకే వెళ్లింది, ఫంక్షన్‌కి అసలు అందలేదు. 2.0 ఇచ్చి ఉంటే ఆర్గ్యుమెంట్ ఎర్రర్ వచ్చి అక్కడే ఆగేది. చెత్త జవాబు కన్నా అదే నయం.

పాయింటర్ విషయంలో 8 బైట్ల అడ్రసుని 4 బైట్ల ఇంట్‌గా కత్తిరించేస్తుంది. ఆ తెగిన అడ్రసుని ఇంకో ఫంక్షన్‌కి ఇస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే తనది కాని మెమరీని ముట్టుకుని ప్రోగ్రాం కూలిపోవడం. అడ్రసు చిన్నదైన రోజున అంతా సవ్యంగానే నడుస్తుంది కూడా, అందుకే ఈ తప్పు వెంటనే దొరకదు.

మందు: మొదటిసారి పిలిచేముందే ఫంక్షన్‌కి ఆర్గ్‌టైప్స్ (ఆర్గ్యుమెంట్ల టైపులు), రెస్‌టైప్ (తిరిగొచ్చే విలువ టైపు) రెండూ పెట్టండి. వర్గమూలానికైతే ఆర్గ్‌టైప్స్‌లో సీ_డబుల్ ఒక్కటే ఉన్న లిస్టు, రెస్‌టైప్‌కి సీ_డబుల్. ఆర్గ్యుమెంటు ఒక్కటే అయినా లిస్టులోనో టపుల్‌లోనో ఉండాలి. ఏమీ తిరిగివ్వని ఫంక్షన్‌కి రెస్‌టైప్ నన్. ఇక్కడో గోతి ఉంది: చివరి ‘ఎస్’ మరచి ఆర్గ్‌టైప్ అని రాస్తే పైథాన్ కిక్కురుమనకుండా ఒప్పుకుంటుంది, మీరు పెట్టిన టైపు మాత్రం ఎక్కడా పనిచేయదు.

స్ట్రింగుల దగ్గర ఇదే గోల. టైపు చెప్పకుండా మామూలు పైథాన్ స్ట్రింగు ఇస్తే అది వెడల్పు అక్షరాలుగా (ఒక్కో అక్షరానికి ఒకటి కన్నా ఎక్కువ బైట్లు) వెళ్తుంది. స్ట్రింగు పొడవు చెప్పే సీ ఫంక్షన్‌కి ఐదు ఇంగ్లిష్ అక్షరాల మాట ఇచ్చినా 1 అంటుంది, ఎందుకంటే రెండో బైటే సున్నా, సీ లెక్కలో సున్నా అంటే స్ట్రింగు అయిపోయినట్టే. బైట్స్‌గా మార్చి ఇవ్వండి. ఫంక్షన్ ఆ మెమరీలో రాసేదైతే బైట్స్ పనికిరావు, క్రియేట్_స్ట్రింగ్_బఫర్‌తో చోటు కేటాయించాలి. మాలాక్‌తో (మెమరీ అడిగి తెచ్చుకునే సీ ఫంక్షన్) తెచ్చిన స్ట్రింగుని తిరిగిచ్చే ఫంక్షన్‌కి రెస్‌టైప్‌గా సీ_చార్_పీ (స్ట్రింగు పాయింటర్ టైపు) పెట్టకండి. అది వెంటనే బైట్స్‌గా మారిపోతుంది, అసలు అడ్రసు చేజారుతుంది, ఇక ఫ్రీ చేయడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. సీ_వాయిడ్_పీ (ఉత్త అడ్రసు టైపు) పెట్టి, స్ట్రింగ్_ఎట్‌తో చదువుకుని, ఆ తర్వాత అదే లైబ్రరీ ఇచ్చిన ఫ్రీ ఫంక్షన్‌ని పిలవండి.

కాల్‌బ్యాక్ (సీ లైబ్రరీ తిరిగి పిలవడానికి మీరిచ్చే పైథాన్ ఫంక్షన్) ఇచ్చేటప్పుడు సీఫంక్‌టైప్‌తో చేసిన వస్తువుని ఒక వేరియబుల్‌లో దాచుకోండి. పిలుపు లోపలే తయారుచేసి వదిలేస్తే పైథాన్ దాన్ని ఊడ్చేస్తుంది, సీ లైబ్రరీ తర్వాతెప్పుడో పిలిచినప్పుడు క్రాష్.

ప్రాంప్ట్‌లో కూర్చుని పనిచేసేవాళ్లకి ప్రత్యేకంగా ఒకటి: సీ కోడ్ మార్చి మళ్లీ కంపైల్ చేసినా, అదే సెషన్‌లో అదే పేరుతో లోడ్ చేస్తే పాత కోడే నడుస్తుంది. లినక్స్‌లో లోడై ఉన్న లైబ్రరీ ఫైలు మీదే కొత్త బైట్లు రాస్తే సెషన్ చచ్చిపోవచ్చు కూడా. ప్రతిసారీ కొత్త ఫైలు పేరు ఇవ్వండి, లేదా ఇంటర్‌ప్రెటర్ మూసి తెరవండి. నా ఓటు రెండోదానికే. టైపు ప్రకటనలన్నీ ఒక చిన్న పైథాన్ ఫైల్లో ఉంచుకుంటే మూసి తెరవడం భారమనిపించదు.

ఫంక్షన్ పేరే దొరకడం లేదంటే చాలావరకు అది సీ ప్లస్‌ప్లస్ కోడ్, కంపైలర్ పేరు మార్చేసింది. ఫంక్షన్‌ని ఎక్స్‌టర్న్ సీ (పేరు మార్చొద్దని కంపైలర్‌కి చెప్పే ప్రకటన) లోపల పెట్టి మళ్లీ కంపైల్ చేయండి. విండోస్‌లో పైథాన్ 3.8 నుంచి, మీ డీఎల్ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైలు) ఆధారపడే ఇతర డీఎల్ఎల్‌ల కోసం పాత్‌లో (సిస్టం వెతికే ఫోల్డర్ల జాబితా) వెతకదు. ఆ ఫోల్డర్ని ఓఎస్ మాడ్యూల్లోని యాడ్_డీఎల్ఎల్_డైరెక్టరీకి ఇవ్వాలి.