బైనరీ సెర్చ్ కొన్ని సంఖ్యలను దొరకబుచ్చుకుని కొన్నింటిని ఎందుకు వదిలేస్తోంది?

42, 17, 63, 8, 29 అనే ఐదు సంఖ్యలు ఇస్తే మీ బైనరీ సెర్చ్ ప్రోగ్రాం 63నీ 42నీ పట్టుకుంటోందనీ, మిగిలిన మూడూ లేవంటోందనీ రాశారు. సి ల్యాబ్ పరీక్ష దగ్గరపడింది కాబట్టి సార్టింగ్, సెర్చింగ్ ప్రోగ్రాములను ఏ వరుసలో నేర్చుకోవాలో కూడా అడిగారు. ముందు మీ ప్రోగ్రాం సంగతి చెబుతాను. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే తప్పు ప్రోగ్రాంలో లేదు, దానికి మీరిచ్చిన అర్రేలో (సంఖ్యలను వరుసగా దాచే గదుల్లో) ఉంది. 17 కోసం వెతికేటప్పుడు అది మొదట మధ్యనున్న ఇండెక్స్ 2 (గదుల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది) దగ్గర 63ను చూస్తుంది. 17 అంతకంటే చిన్నది కాబట్టి కుడివైపంతా వదిలేసి 0, 1 ఇండెక్సులకు పరిమితమవుతుంది. ఈసారి మధ్య 0 అవుతుంది, అక్కడ 42 ఉంది. ఇంకా ఎడమకు పోవాలి, కానీ ఎడమన ఏమీ లేదు. పక్కనే ఇండెక్స్ 1లో 17 కూర్చుని ఉన్నా దాని ముఖం చూడకుండానే "లేదు" అని చెప్పి బయటికి వచ్చేస్తుంది. అర్రే ఆరోహణ క్రమంలో ఉందన్న నమ్మకం మీదనే ఆ ప్రోగ్రాం ప్రతిసారీ సగాన్ని పారేస్తుంది. కాబట్టి ముందు సార్ట్ చేసి, ఆ తరువాత వెతకండి. సార్ట్ చేయడం కుదరకపోతే మొదటినుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయే లీనియర్ సెర్చ్ వాడండి, అది ఏ క్రమంలో ఉన్నా పనిచేస్తుంది.

ఇక నేర్చుకునే వరుస విషయానికి వస్తే, సిలబస్‌లో పక్కపక్క సంఖ్యలను పోల్చి తారుమారు చేసుకుంటూ పోయే బబుల్ సార్ట్ ముందుంటుంది గానీ నేనైతే ఇన్సర్షన్ సార్ట్‌తో మొదలుపెట్టమంటాను. కొన్నేళ్లపాటు ల్యాబ్‌లో పాఠం చెప్పిన రోజుల్లో అరవై రికార్డులను రోల్ నంబర్ల వరుసలో పెట్టడం నా వారం వారం పని. ఎడమచేతిలో అప్పటికే వరుసలో ఉన్న కట్ట, బల్ల మీద మిగిలిన కుప్ప. కుప్పలోంచి ఒక రికార్డు తీసి, కట్టలో వెనకనుంచి చూసుకుంటూ వచ్చి, దాని చోట దోపేవాడిని. ఇన్సర్షన్ సార్ట్ అంటే ఇదే. మీరు గుర్తుంచుకోవలసింది లూపుల అక్షరాలను కాదు, బయటి లూపు ఒక్కో విడత ముగిసేసరికి అర్రేలో ఏ భాగం సర్దుకుందో ఆ విషయాన్ని. ఇన్సర్షన్‌లో ఎడమ భాగం తనలో తాను వరుసలో ఉంటుంది. సెలెక్షన్‌లో (మిగిలినవాటిలో చిన్నదాన్ని ఏరి ముందుకు తెచ్చే పద్ధతి అది) ఎడమ భాగం వరుసలో ఉండటమే కాక ఇక కదలదు. బబుల్‌లో కుడి చివర సర్దుకుంటుంది. ఎక్స్‌టర్నల్ వైవాలో సాధారణంగా అడిగేది కూడా ఈ తేడానే. అరవై రికార్డులు దాదాపు వరుసలోనే చేతికి వస్తే ఇన్సర్షన్ సార్ట్ 59 పోలికలకు కాస్త ఎక్కువతో ముగుస్తుంది, సెలెక్షన్ సార్ట్ మాత్రం అవి ఎలా ఉన్నా 1,770 పోలికలు చేసి తీరుతుంది.

బబుల్ సార్ట్‌లో ఎక్కువమంది జారిపడేది లోపలి లూపు హద్దు దగ్గర. ఎన్ అంటే మొత్తం సంఖ్యలు, ఐ అంటే సున్నా నుంచి లెక్కించే బయటి లూపు విడత అనుకుంటే, జె అనే లోపలి వేరియబుల్ ఎన్ మైనస్ ఐ మైనస్ ఒకటి కంటే తక్కువ ఉన్నంతవరకు తిరగాలి. ఆ చివరి "మైనస్ ఒకటి" మరిచిపోతే మొదటి విడతలోనే ఐదో సంఖ్యను, లేని ఆరో సంఖ్యతో పోల్చుతుంది. సి భాష దీనికి అభ్యంతరం చెప్పదు. యాభై గదులున్న గ్లోబల్ (ఫంక్షన్లన్నింటికీ బయట ప్రకటించిన) అర్రేలో మీ ఐదు సంఖ్యలే నింపితే ఆరో గదిలో సున్నా ఉంటుంది. బయటి లూపు ఐదు విడతలు తిరిగాక 0, 8, 17, 29, 42 అని అచ్చవుతుంది, 63 మాయమవుతుంది. ఇలాంటి అవుట్‌పుట్ తెచ్చి "సార్, సున్నా నేను ఇవ్వలేదు" అని అమాయకంగా నిలబడిన విద్యార్థులను నేను చాలామందినే చూశాను.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. నేను విద్యార్థిగా టర్బో సి అనే పాత కంపైలర్ మీద నేర్చుకున్నాను. అందులో పూర్ణాంకం 16 బిట్లే, గరిష్ఠ విలువ 32,767. గ్రంథాలయ పుస్తకాల నంబర్లు వెతికే చిన్న ప్రాజెక్టు కోసం 1 నుంచి 20,000 వరకు సంఖ్యలతో ఒక గ్లోబల్ అర్రే నింపి పరీక్షించాను. 9,000 అడిగితే వెంటనే దొరికింది, 16,000 అడిగితే లేదంది, 19,000 అడిగితే తెర అలాగే నిలిచిపోయింది. రెండు రోజులు తల పట్టుకున్నాక, ఒక్కో అడుగులో మొదలు, చివర, మధ్య విలువలను అచ్చువేయించి చూశాను. మధ్య మొదట 9,999, తరువాత 14,999 అని వచ్చి, మూడో అడుగులో −15,268 అయింది. మొదలు 15,000, చివర 19,999. రెండింటినీ కూడితే 34,999, అది 32,767ను దాటి రుణసంఖ్యగా తిరగబడింది. మధ్యను కనుక్కోవడానికి రెండు కొసలనూ కూడి రెండుతో భాగించమని పుస్తకంలో ఉన్న వాక్యమే దోషి. మొదలుకు, చివరలోంచి మొదలు తీసివేసి సగం చేసిన విలువను కలిపితే ఆ బెడద ఉండదు. (రుణ ఇండెక్స్‌తో చదివినా ప్రోగ్రాం ఎందుకు కూలిపోలేదో చాలాకాలానికి గానీ అర్థం కాలేదు: 64 కిలోబైట్ల మెమరీ ముక్కయిన సెగ్మెంట్‌లో చిరునామా కూడా అలాగే తిరగబడి, చూడవలసిన గదికి పక్క గదికే చేరింది. ఆ తరువాత మొదలు, చివరల విలువలే చెడిపోయాయి.)

ఇది టర్బో సితో పోయిన సమస్య కాదు. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో ఇదే తప్పు దాదాపు తొమ్మిదేళ్లు ఎవరి కంటా పడకుండా ఉండిపోయిందని, దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో తానే బహిరంగంగా రాశారు. ఇప్పటి 32 బిట్ల పూర్ణాంకంలో హద్దు 2,14,74,83,647 కాబట్టి మీ ల్యాబ్‌లో అది ఎదురుకాదు, అంతే తేడా.

ఉద్యోగంలో చేరాక ఇవన్నీ చేత్తో రాయనక్కర్లేదు; సి ప్రామాణిక లైబ్రరీలోనే క్యూసార్ట్, బిసెర్చ్ అనే ఫంక్షన్లున్నాయి. పేరు చూసి చాలామంది పొరబడతారు గానీ, క్యూసార్ట్ లోపల కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1961లో ప్రచురించిన క్విక్‌సార్టే ఉండాలని సి ప్రమాణం ఎక్కడా నిర్బంధించదు.

పరీక్షకు ముందు మీ బైనరీ సెర్చ్‌ను ఖాళీ అర్రేతోనూ, ఒకే సంఖ్యతోనూ, రెండు సంఖ్యలతోనూ నడిపి, అన్నింటికంటే పెద్దదైన, అర్రేలో లేని సంఖ్యను కూడా అడిగి చూడండి. "మధ్య ప్లస్ ఒకటి" అనడానికి బదులు మొదలుకు మధ్యనే ఇచ్చి ఉంటే, ఒకటి రెండు సంఖ్యల దగ్గరే అది ఆగకుండా తిరుగుతూ పట్టుబడిపోతుంది.