'బిలవ్డ్' నవల ముందుకీ వెనక్కీ ఎందుకు పోతుంది, ఎలా చదవాలి?

అమెరికన్ నల్లజాతి రచయిత్రి టోనీ మారిసన్ నవల 'బిలవ్డ్'ను అరవై పేజీల దగ్గర ఆపేశాననీ, బానిసత్వం మీద నవల అంటే తీరా అది బానిసత్వం పోయాక జరిగే కథ అనీ, పైగా వరసలో లేదనీ మీరు రాశారు. రెండు ఫిర్యాదుల్లా కనిపిస్తున్నా, నాకు రెండూ ఒకటే అనిపిస్తుంది.

నేను కొన్నేళ్లుగా అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి దగ్గర ఉంటున్నాను. కథ జరిగేది ఈ ఊళ్లోనే. దక్షిణాన ఒహాయో నది, అవతలి గట్టు కెంటకీ. అప్పట్లో అటు బానిస రాష్ట్రం, ఇటు స్వేచ్ఛా రాష్ట్రం. రాజమండ్రి దగ్గర గోదావరిని చూసిన కళ్లకు ఇదొక పెద్ద కాలవ, అంతే. 1856 జనవరిలో నది గడ్డకట్టినప్పుడు మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ కుటుంబంతో సహా ఆ మంచు మీద నడిచి ఇటు వచ్చేసింది. కానీ 1850 నాటి చట్టం ప్రకారం, పారిపోయి వచ్చినవాళ్లను ఇక్కడికొచ్చి కూడా పట్టుకుపోవచ్చు. దాక్కున్న ఇంటిని చుట్టుముట్టేసరికి, మళ్లీ వాళ్ల చేతుల్లో పెట్టడం కన్నా చావే నయమనుకుని రెండేళ్ల కూతురి గొంతు కోసింది. ఒహాయోలో హత్య కేసు నడిపితే ఆమె మనిషి అవుతుంది, యజమానికి అప్పగిస్తే ఆస్తి అవుతుంది. కోర్టులో వాదన దీని మీదే. చివరికి అప్పగించారు. దక్షిణాదికి పంపేశారు, 1858లో అక్కడే పోయింది.

ఈ గార్నర్ కథ నుంచే పుట్టిన, 1987లో వచ్చిన నవలలో మారిసన్ ఇక్కడే ఒక మార్పు చేశారు. గార్నర్ లాగే కూతుర్ని చంపుకున్న నాయిక సెథను వెనక్కి పంపలేదు. జైలుకెళ్లి వచ్చి, కూతుర్ని చంపిన ఆ చోటే, అదే ఇంట్లో కాపురం ఉంటుంది. పద్దెనిమిదేళ్లు! 1873లో కథ మొదలయ్యేసరికి చట్టంలో బానిసత్వం లేదు, కొట్టేవాడు లేడు. అయినా ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. నవల మొత్తం నిలబడింది ఈ మార్పు మీదే అంటాను నేను. గార్నర్‌కు 'తర్వాత' అనేది దక్కలేదు, సెథకు దక్కింది, దాంతో ఏం చెయ్యాలో తెలియలేదు.

మీరు చదివిన పేజీల్లోనే ఒక సంభాషణ ఉంది, మళ్లీ చూడండి. సెథ వీపు మీద చెట్టులా మొలిచిన మచ్చల గురించి, ఒకప్పుడు ఆమెతోపాటు బానిసగా ఉన్న పాల్ డి అడుగుతాడు, కొరడాతో కొట్టారా అని. ఆమె నా పాలు లాక్కున్నారంటుంది. కడుపుతో ఉంటే కొట్టారా అంటాడు. మళ్లీ పాల మాటే. అతని చూపు వీపు మీద ఉంది, ఆమెకు మండుతున్నది బిడ్డ కోసం దాచుకున్న పాల దగ్గర. అతనికీ ఇలాంటిదే ఒకటుంది. నోట్లో ఇనప కళ్లెంతో నిలబడి ఉండగా అటూ ఇటూ తిరిగే కోడిపుంజును చూశాడు. తనకన్నా ఆ పుంజుకే ఎక్కువ స్వేచ్ఛ ఉందని అప్పుడర్థమైంది. దెబ్బలన్నీ తట్టుకున్నవాడు ఆ పుంజును మాత్రం మర్చిపోలేడు. ఇలాంటివి ఎవరూ మొదటి నుంచి చివరిదాకా వరసగా చెప్పుకోరు. దగ్గరిదాకా వచ్చి, పక్కకు తప్పుకుని, ఇంకోవైపు నుంచి వస్తారు. పేజీలు కూడా అచ్చం అలాగే నడుస్తాయి.

మా లైబ్రరీ చర్చా బృందంలో ఒకాయన సంవత్సరాలన్నీ వరసగా వేసి పెద్ద చార్టు గీసుకొచ్చారు. (చాలా చక్కగా గీశారు, ఆ మాట ఒప్పుకోవాలి.) అది చూసి మా బృందంలోని ఒక నల్లజాతి పెద్దావిడ నవ్వి, "మా అమ్మమ్మ ఏదీ వరసలో చెప్పేది కాదు, వంట చేస్తూ చేస్తూ ఒక ముక్క జారవిడిచేది" అన్నారు. ఆ తర్వాత చార్టు జోలికి ఎవరూ వెళ్లలేదు.

డెన్వర్‌ను మాత్రం వదలకండి. సెథకు బానిసత్వాన్ని ఒక్కరోజు కూడా అనుభవించని చిన్న కూతురు. బళ్లో తోటి కుర్రాడు మీ అమ్మ హత్య చేసి జైలుకెళ్లిందట కదా అని అడిగితే, జవాబు వినాల్సొస్తుందని రెండేళ్లు చెవుడు తెచ్చుకుంటుంది. దెబ్బ తగిలింది తల్లికి, గడప దాటడానికి భయపడేది పిల్ల. చివర్లో ఆకలికి తాళలేక ఆ పిల్ల బయటికి అడుగుపెట్టే పేజీలు నాకు, చనిపోయిన పాప తిరిగొచ్చే దెయ్యం కథ కన్నా ఎక్కువ నచ్చాయి. ఎందుకంటే సాయం చేసే ఆ ఇరుగుపొరుగే ఒకప్పుడు అసూయకొద్దీ, పట్టుకుపోవడానికి గుర్రాల మీద మనుషులొస్తున్నారని సెథకు కబురు పంపలేదు. రచయిత్రి తనవాళ్లను కూడా వదల్లేదన్నమాట.

ఇక ఎలా చదవాలంటే: ఎప్పుడు జరిగిందని కాకుండా, ఎవరు దేన్ని దాటవేస్తున్నారో పట్టుకోండి. రెండో భాగంలో విరామ చిహ్నాల్లేని కొన్ని పేజీలు వస్తాయి. ఆ గొంతు చనిపోయిన పాపదా, ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చిన ఓడల అడుగున పోయినవాళ్లదా అని తేల్చుకోవాలని కూర్చోకండి. పైకి చదవండి, నాకు అలాగే దారి దొరికింది.

అప్పటికీ కుదరకపోతే ముందు ఆక్టేవియా బట్లర్ 'కిండ్రెడ్' (1979) చదవండి. 1976 కాలిఫోర్నియాలోని ఒక నల్లజాతి యువతిని బానిసల కాలపు మేరీలాండ్‌లోకి పదేపదే లాక్కుపోతుంది కథ. వాక్యాలు తేలిక, రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతుంది. అది పూర్తయ్యాక మళ్లీ సెథ దగ్గరికి రండి.